కాంటా రిపోర్టు కదలట్లేదా? పోస్ట్‌గ్రెస్‌పై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీదే వచ్చాయి. సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కాన్ఫిగ్ ఫైలులో వాటిని టైప్ చేసేటప్పుడు పదాల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ప్రశ్న: మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు ధర్మకాంటా సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. లారీ నంబరు, బస్తాలు, తేమ శాతం, నికర తూకం అన్నీ ఒకే టేబుల్‌లో పడతాయి. ఇప్పటికి 60 లక్షల వరుసలయ్యాయి. 'ఈ రోజు మా మిల్లుకు వచ్చిన వడ్ల లోడ్లు' అనే రిపోర్టు యాసంగి కోతలప్పుడు అర నిమిషం పైనే తీసుకుంటున్నది. ఎంట్రీ టైమ్ మీద ఇండెక్స్ ఉంది. క్వెరీలో షరతు 'డేట్ ఆఫ్ ఎంట్రీ టైమ్ ఈ రోజుకు సమానం, మిల్లు నంబరు ఫలానా' అని రాశాను. మెషీన్‌లో 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. యజమానులు ర్యామ్ 64 జీబీ చేద్దామంటున్నరు. చేయమంటారా?
— మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: వద్దు, ఆ డబ్బు ఆపండి. ముందు ఆ క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ తగిలించి, బ్రాకెట్‌లో అనలైజ్, బఫర్స్ అని ఇచ్చి నడపండి. క్వెరీని ఎలా నడిపిందో చెప్పే ప్లాన్ వస్తుంది. అందులో 'సీక్ స్కాన్' కనిపించి, దాని కింద 'రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్' పక్కన 59 లక్షల చిల్లర అంకె ఉంటే సంగతి తేలిపోయినట్టే. నాలుగు వందల లోడ్ల కోసం టేబుల్ మొత్తం చదువుతోంది.

ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే సూచిక) ఉన్నా ఎందుకు వాడలేదంటే, అది ఎంట్రీ టైమ్ విలువల మీద కట్టింది. మీరు అడిగింది ఆ విలువను డేట్ ఫంక్షన్‌లో వేసి తిప్పాక వచ్చేదాన్ని. రెండూ ఒకటేనని ప్లానర్‌కు, అంటే క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగానికి, తెలియదు. కాలమ్‌ను ఫంక్షన్‌లోంచి బయటికి తీసి షరతును రెండు ముక్కలు చేయండి: ఎంట్రీ టైమ్ ఈ రోజు 00:00కు సమానం లేదా ఎక్కువ, రేపు 00:00 కంటే తక్కువ. ఇక్కడ బిట్వీన్ వాడొద్దు. అది రెండు చివరలనూ కలుపుకుంటుంది కాబట్టి సరిగ్గా అర్ధరాత్రి తూగిన లోడు రెండు రోజుల రిపోర్టుల్లోనూ పడుతుంది.

డేట్ ఫంక్షన్ మీదే ఇండెక్స్ కట్టేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కాలమ్ 'టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్' రకమైతే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఫంక్షన్ ఇమ్యూటబుల్ (ఎప్పుడూ ఒకే జవాబిచ్చేది) కాదని ఎర్రర్ ఇస్తుంది. టైమ్ జోన్ మారితే తేదీ కూడా మారుతుంది కదా, అందుకు. ఇదే సందర్భంలో సర్వర్ టైమ్ జోన్ కూడా చూడండి. అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మీ 'రోజు' తెల్లవారి 5:30కు మొదలవుతుంది. రాత్రి రెండింటికి కాంటా ఎక్కిన లారీ నిన్నటి లెక్కలోకి పోతుంది. సీజన్‌లో మిల్లుల ముందు రాత్రంతా లారీలు బారులు తీరే ఊరు మీది, ఈ తేడా తప్పకుండా తగాదాకు వస్తుంది. డేటాబేస్ స్థాయిలో టైమ్‌జోన్ సెట్టింగ్‌ను ఆసియా/కోల్‌కతా చేయండి.

తరువాత ఇండెక్స్. మిల్లు నంబరు, ఎంట్రీ టైమ్ రెండింటినీ కలిపి, అదే వరుసలో ఒకటి కట్టండి. 'సమానం' అని అడిగే కాలమ్ ముందు, 'ఇంత నుంచి ఇంత దాకా' అని అడిగే కాలమ్ వెనక ఉండాలి. తిరగేసి కడితే ఆ రోజు వచ్చిన అన్ని మిల్లుల ఎంట్రీలనూ ఇండెక్స్‌లో దాటుకుంటూ పోవాలి. కాంటా నడుస్తుండగానే కట్టాలంటే క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడండి. మామూలు క్రియేట్ ఇండెక్స్ అయితే పని ముగిసేదాకా కొత్త తూకాలు ఎక్కవు. కంకరెంట్లీకి రెండు మెలికలున్నాయి. బిగిన్, కమిట్ మధ్యలో, అంటే ట్రాన్సాక్షన్ లోపల, పెడితే నడవదు. మధ్యలో విఫలమైతే 'ఇన్‌వ్యాలిడ్' అన్న ముద్రతో సగం ఇండెక్స్ మిగిలిపోతుంది. అది చదవడానికి పనికిరాదు, రాతల భారం మాత్రం మోయిస్తుంది. డ్రాప్ చేసి మళ్లీ కట్టాలి. పాత ఇండెక్స్‌ను వెంటనే తీసేయకండి. పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్ వ్యూలో దాని స్కాన్ల లెక్క ఒక సీజన్ పాటు పెరగకపోతే అప్పుడు తీయొచ్చు.

ప్లాన్ చూసేటప్పుడు ఇంకో అంకె మీద కన్నుండాలి. ప్రతి మెట్టు దగ్గరా ప్లానర్ అంచనా వేసిన వరుసలు, నిజంగా వచ్చిన వరుసలు పక్కపక్కనే ఉంటాయి. రెంటికీ పది రెట్లు, వంద రెట్లు తేడా ఉంటే లోపం ఇండెక్స్‌లో కాదు, గణాంకాల్లో ఉంది. ముందు ఆ టేబుల్‌కు అనలైజ్ కమాండ్ (గణాంకాలను మళ్లీ సేకరించేది) కొట్టండి. అప్పటికీ తగ్గకపోతే కాలమ్‌ల మధ్య సంబంధం ఉందేమో చూడండి. దామరచర్ల మండలం అన్నాక జిల్లా నల్లగొండే అవుతుంది, కానీ ప్లానర్ ఈ రెండింటినీ విడివిడి షరతులనుకొని సంభావ్యతలను గుణించేస్తుంది, అంచనా మరీ చిన్నదైపోతుంది. క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో రెండు కాలమ్‌లకూ డిపెండెన్సీస్ అని చెప్పి, మళ్లీ అనలైజ్ చేస్తే సర్దుకుంటుంది.

ఒక హెచ్చరిక: ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. డిలీట్‌కో అప్‌డేట్‌కో ప్లాన్ చూడాలంటే బిగిన్ కొట్టి, చూసి, రోల్‌బ్యాక్ (మార్పులు రద్దు) చేయండి.

ర్యామ్ సంగతికి వస్తే, ఉన్న 16 జీబీనే మీ సర్వర్ వాడుకుంటున్నట్టు లేదు. సెట్టింగులు ముట్టకపోతే షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ సొంత క్యాష్) 128 ఎంబీ దగ్గరే ఉంటుంది. దాన్ని 4 జీబీ చేసి సర్వర్ రీస్టార్ట్ చేయండి. ఎఫెక్టివ్ క్యాష్ సైజ్ 11 జీబీ పెట్టండి. అది మెమరీని తీసుకోదు, ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్‌తో కలిపి ఎంత ఉందో ప్లానర్‌కు చెప్పే అంకె మాత్రమే. రాండమ్ పేజ్ కాస్ట్ (డిస్కులో అక్కడక్కడి పేజీలు చదివే ఖర్చుకు ప్లానర్ వేసే అంచనా) 4 అనేది తిరిగే డిస్కుల కాలపు విలువ, ఎస్‌ఎస్‌డీకి 1.1 సరిపోతుంది.

వర్క్ మెమ్ (క్వెరీ తాత్కాలిక పనికి వాడే మెమరీ) దగ్గరే చాలామంది బోల్తా పడతారు. అది సర్వర్ మొత్తానికీ కాదు, కనెక్షన్‌కూ కాదు. ఒక్కో సార్ట్‌కు, ఒక్కో హ్యాష్‌కు అంత. 64 ఎంబీ పెట్టి, 80 కనెక్షన్లు, ఒక్కోదానిలో మూడు సార్ట్‌లు అనుకోండి, 15 జీబీ అయింది. 15వ వెర్షన్ నుంచి హ్యాష్‌లకు దీనికి రెండింతలు. అప్పుడు లినక్స్ మెమరీ చాలక ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపుతుంది, దాంతో సర్వర్ కనెక్షన్లన్నీ తెంపుకొని రికవరీలోకి పోతుంది. అందరికీ 8 లేక 16 ఎంబీ ఉంచి, నెలాఖరు పెద్ద రిపోర్టుకు మాత్రం ఆ ట్రాన్సాక్షన్‌లోనే సెట్ లోకల్‌తో 256 ఎంబీ ఇచ్చుకోండి.

ప్రశ్న: మాది నల్లగొండలో డయాగ్నస్టిక్ ల్యాబ్. రెండేళ్ల కిందటి శాంపిల్ రికార్డులు డిలీట్ చేశాం. డిస్కు ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదు, 90 శాతం నిండి ఉంది. రోజూ రాత్రి వాక్యూమ్ ఫుల్ పెట్టుకోమని ఒకాయన సలహా. పెట్టొచ్చా?
— నల్లగొండ పాఠకురాలు

జవాబు: పెట్టకండి. వాక్యూమ్ ఫుల్ టేబుల్‌ను కొత్తగా ఇంకో ఫైలులో రాసి, ఆ తరువాతే పాతది తీసేస్తుంది. బతికున్న వరుసలకు, ఇండెక్స్‌లకు సరిపడా ఖాళీ అదనంగా కావాలి. 90 శాతం నిండిన డిస్కులో అది సగంలో ఆగిపోయే ప్రమాదమే ఎక్కువ. పైగా నడిచినంతసేపూ ఆ టేబుల్‌ను ఎవరూ చదవను కూడా చదవలేరు. రాత్రి ఎమర్జెన్సీ రిపోర్టు కావాలంటే ఏం చేస్తారు?

పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ అంటే వరుసను తుడిచేయడం కాదు, చెల్లదని గుర్తు పెట్టడం. అప్‌డేట్ అంటే పాత వరుసను చెల్లనిదిగా చేసి కొత్తది రాయడం. ఈ చచ్చిన వరుసల జాగాను మామూలు వాక్యూమ్ మళ్లీ వాడుకునేలా చేస్తుంది, కానీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి ఇవ్వదు. ఫైలు చివరి పేజీలు పూర్తిగా ఖాళీ అయితేనే అంతవరకు కత్తిరిస్తుంది. మీరు తీసేసినవి పాత రికార్డులు, అంటే ఫైలు మొదట్లో ఉన్నవి. అందుకే డిస్కులో తేడా కనపడలేదు. ఆ జాగా ఎక్కడికీ పోలేదు, రేపటి శాంపిళ్లు అందులోనే పడతాయి. కొన్ని నెలల పాటు టేబుల్ పెరగకపోతే అదే మీకు లాభం.

అయితే రోజురోజుకూ పెరుగుతూనే ఉంటే ఆటోవాక్యూమ్ (వాక్యూమ్‌ను తనంతట తానే నడిపేది) వెనకబడిందని అర్థం. 50 వరుసలు, దానిమీద టేబుల్‌లో 20 శాతం చచ్చాకే అది కదులుతుంది. కోటి వరుసల టేబుల్‌కు 20 లక్షలు పోగయ్యేదాకా ఆగుతుందన్నమాట. ఆ ఒక్క టేబుల్‌కు ఆల్టర్ టేబుల్‌తో ఆటోవాక్యూమ్ వాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను 0.02 చేయండి. దయచేసి ఆటోవాక్యూమ్‌ను ఆపేయొద్దు. భారం తగ్గదు, వాయిదా పడుతుంది, వడ్డీతో తిరిగొస్తుంది.

వాక్యూమ్ నడిచినా చచ్చిన వరుసలు పోవట్లేదంటే ఎవరో అడ్డం కూర్చున్నారు. ల్యాబ్‌లలో తరచూ దొరికే దొంగ ఇదే: కౌంటర్ దగ్గరి ప్రోగ్రామ్ పొద్దున ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక వరుస రాసి, కమిట్ చేయకుండా సాయంత్రందాకా వదిలేస్తుంది. అది ముగిసేదాకా, ఆ తరువాత చచ్చిన వరుసలను డేటాబేస్‌లోని ఏ టేబుల్‌లోనూ వాక్యూమ్ తీయలేదు. పీజీ స్టాట్ యాక్టివిటీలో స్టేట్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని ఉన్నవాటిని ట్రాన్సాక్షన్ మొదలైన టైమ్ వారీగా పేర్చి చూడండి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమ్‌అవుట్ పది నిమిషాలు పెడితే సర్వరే తెంపేస్తుంది. అక్కడ ఏమీ దొరకకపోతే వదిలేసిన రెప్లికేషన్ స్లాట్లు (నకలు సర్వర్ల కోసం పెట్టినవి), మరిచిపోయిన ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు (రెండంచెల కమిట్‌లో సగంలో ఆగినవి) వెతకండి.

మీ దగ్గర ఇంకో కోణం ఉండొచ్చు. శాంపిల్ స్టేటస్ ఒక్కో రికార్డుకు నాలుగైదుసార్లు మారుతుంది: తీసుకున్నారు, మెషీన్‌లో పెట్టారు, డాక్టర్ చూశారు, ప్రింట్ అయింది. స్టేటస్ మీద ఇండెక్స్ ఉంటే ప్రతి మార్పుకూ ఆ టేబుల్‌లోని మిగతా ఇండెక్స్‌లలో కూడా కొత్త ఎంట్రీ పడుతుంది. ఇండెక్స్‌లో లేని కాలమ్ మాత్రమే మారి, అదే పేజీలో చోటు ఉంటే ఇండెక్స్‌లను ముట్టకుండానే పని అయిపోతుంది. దీన్నే హాట్ అప్‌డేట్ అంటారు. ఆ ఇండెక్స్ అవసరమా అని ఒకసారి ఆలోచించండి, టేబుల్‌కు ఫిల్‌ఫ్యాక్టర్ 85 ఇవ్వండి. ఇది కొత్తగా నిండే పేజీలకే వర్తిస్తుంది.

ఇప్పటికిప్పుడు జాగా కావాల్సిందే అంటే ఇంకో డిస్కు కలిపి, పీజీ రీప్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ వాడండి. అది మొదట్లో, చివర్లో కొద్దిసేపే లాక్ తీసుకుంటుంది. టేబుల్‌కు ప్రైమరీ కీ గానీ, నాట్ నల్ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్ గానీ ఉండాలి, టేబుల్, ఇండెక్స్‌ల సైజుకు రెండింతల ఖాళీ ఉండాలి. ముందు ముందుకైతే నెలవారీ పార్టిషన్లే (టేబుల్‌ను నెలల వారీ ముక్కలు చేయడమే) దారి. పాత నెలను డ్రాప్ చేస్తే ఆ క్షణమే డిస్కు ఖాళీ అవుతుంది, చచ్చిన వరుసల ఊసే ఉండదు. కాకపోతే ప్రైమరీ కీలో తేదీ కాలమ్ కూడా చేర్చాల్సి వస్తుంది, ఆ మార్పు అప్లికేషన్‌ను ఎక్కడెక్కడ తాకుతుందో ముందే చూసుకోండి.

ప్రశ్న: మా కాలేజీ అడ్మిషన్ల పోర్టల్ ఫలితాల రోజున 'టూ మెనీ క్లయింట్స్' అని చేతులెత్తేసింది. మాక్స్ కనెక్షన్స్ 100 నుంచి 1000 చేస్తే పోతుందా?
— మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: ఎర్రర్ పోతుంది, సర్వరూ పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక వేరే ప్రాసెస్. ఎనిమిది కోర్ల మెషీన్‌లో వెయ్యి మంది ఒకేసారి పని మొదలుపెడితే ఎవరి పనీ ముగియదు.

మధ్యలో పీజీబౌన్సర్ అనే పూలర్ (కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచేది) పెట్టండి. అప్లికేషన్‌ను 5432కు బదులు 6432 పోర్టుకు తిప్పాలి. పూల్ మోడ్ ట్రాన్సాక్షన్ అని మార్చాలి, మార్చకపోతే సెషన్ మోడ్‌లో ఉండి పెద్దగా ఉపయోగం ఉండదు. డిఫాల్ట్ పూల్ సైజ్ 20తో మొదలుపెట్టి కొలుస్తూ పెంచండి. మాక్స్ క్లయింట్ కాన్ కూడా పెంచాలి, అది కూడా 100 దగ్గరే ఉంటుంది కాబట్టి అదే ఎర్రర్ ఇంకో తలుపు దగ్గర ఎదురవుతుంది. ట్రాన్సాక్షన్ మోడ్‌లో సెషన్‌కు అంటుకొని ఉండేవి నమ్మకంగా పనిచేయవు: మామూలు సెట్, లిజన్, సెషన్ అడ్వైజరీ లాక్‌లు, ట్రాన్సాక్షన్ దాటి బతకాల్సిన టెంపరరీ టేబుళ్లు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మద్దతు 1.21 వెర్షన్‌లో వచ్చింది, దానికన్నా పాతది పెట్టుకోకండి.

ఇదంతా చేసేముందు పీజీ స్టాట్ యాక్టివిటీ ఒకసారి చూడండి. వందలో తొంభై 'ఐడిల్' అని ఉంటే మీ కోడ్ ఎక్కడో కనెక్షన్ తెరిచి మూయడం లేదు. ఆ లీకును పూలర్ కొంత దాస్తుందే తప్ప పూడ్చదు.

ప్రశ్న: గద్వాల చీరల దుకాణం బిల్లింగ్. కస్టమర్ల పేర్లు తెలుగులో ఎక్కిస్తున్నాం. లిస్టులో కళ్ల ముందే ఉన్న 'రాజ్‌కుమార్' వెతికితే రాడు. కొన్ని పేర్లయితే 20 అక్షరాల కాలమ్‌లో పట్టట్లేదు.
— గద్వాల పాఠకుడు

జవాబు: ఒకరు ఫోన్‌లో, ఇంకొకరు కంప్యూటర్‌లో టైప్ చేసి ఉంటారు. 'జ్' తరువాత 'క' ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డు కంటికి కనిపించని ఒక గుర్తును, యూనికోడ్ 200సీ అనేదాన్ని, పెడుతుంది. ఒక పేరులో అది ఉండి, వెతికే పదంలో లేకపోతే డేటాబేస్ దృష్టిలో అవి రెండు వేరు పేర్లు. స్క్రీన్ మీద ఫాంటును బట్టి తేడా తెలియకపోవచ్చు కూడా.

పేరు కాలమ్‌ను అలాగే ఉంచి, పక్కన వెతుకులాట కోసం ఒక జనరేటెడ్ స్టోర్డ్ కాలమ్ (డేటాబేస్ తానే లెక్కించి దాచేది) పెట్టండి. అందులో రీప్లేస్‌తో ఆ గుర్తును తీసేసి, నార్మలైజ్ ఫంక్షన్ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేసేది) గుండా పంపండి. నార్మలైజ్ 13వ వెర్షన్ నుంచి ఉంది, డేటాబేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అయి ఉండాలి. వెతికే పదాన్నీ అదే దారిలో నడిపించాలి. పేరు మొదటి అక్షరాలతో వెతకాలంటే ఆ కాలమ్‌కు టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్‌తో ఇండెక్స్ కట్టండి, మామూలు ఇండెక్స్ లైక్‌కు సాధారణంగా అక్కరకు రాదు.

పొడవు విషయంలో, పోస్ట్‌గ్రెస్ లెక్కపెట్టేది మనం పలికే అక్షరాలను కాదు, కోడ్ పాయింట్లను. 'లక్ష్మి' మనకు రెండక్షరాలు, దానికి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. కాలమ్‌ను టెక్స్ట్ రకంగా మార్చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌క్యార్ కంటే టెక్స్ట్ నెమ్మది అన్న మాట నిజం కాదు.

ప్రశ్న: సెంట్‌ఓఎస్ 7 మెషీన్ పాతబడిందని, సర్వర్ ఆపి డేటా ఫోల్డర్‌ను రాకీ లినక్స్ 9 ఉన్న కొత్త మెషీన్‌కు కాపీ చేశాం. వెర్షన్ అదే. అన్నీ బాగున్నాయనుకుంటే ఇప్పుడు కొందరు ఖాతాదారులు వెతికితే దొరకట్లేదు, అదే నంబరు రెండుసార్లు ఎక్కుతోంది. యూనిక్ ఇండెక్స్ ఉండగా ఇదెట్ల సాధ్యం?
— సూర్యాపేట పాఠకుడు

జవాబు: అక్షరాల వరుస క్రమాన్ని పోస్ట్‌గ్రెస్ సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ నుంచి అడిగి తెలుసుకుంటుంది. గ్లిబ్‌సీ 2.28లో ఆ క్రమం పెద్ద ఎత్తున మారింది. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17. ఇండెక్స్‌లు పాత క్రమంలో పేర్చి ఉన్నాయి, వెతకడం కొత్త క్రమంలో జరుగుతోంది. ఉన్న వరుస కనపడకపోవడం, డూప్లికేట్ ఎక్కడం రెండూ దాని ఫలితాలే.

ముందు రాతలు ఆపి బ్యాకప్ తీయండి. ఆ సెషన్‌లో ఎనేబుల్ ఇండెక్స్‌స్కాన్, ఎనేబుల్ ఇండెక్స్‌ఓన్లీస్కాన్, ఎనేబుల్ బిట్‌మ్యాప్‌స్కాన్ మూడూ ఆఫ్ చేసి, యూనిక్ కాలమ్‌ల వారీగా గ్రూప్ బై చేసి డూప్లికేట్లు పట్టుకొని సరిచేయండి. అవి మిగిలి ఉంటే రీఇండెక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. తరువాత రీఇండెక్స్ డేటాబేస్, 15 లేదా ఆపై వెర్షన్ అయితే ఆల్టర్ డేటాబేస్‌లో రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్. ఇకముందు ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు డంప్ తీసి రీస్టోర్ చేయండి, ఇండెక్స్‌లు కొత్త క్రమంలోనే పుడతాయి.

ప్రశ్న: మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతదో తెలియదు. ఇన్సర్ట్‌లు నెమ్మదిగా ఉన్నాయని ఎఫ్‌సింక్ ఆఫ్ చేశాను, బాగా స్పీడయింది. ఏమన్నా ఇబ్బందా?
— దేవరకొండ పాఠకుడు

జవాబు: ఈ రోజే ఆన్ చేయండి. రాసింది నిజంగా డిస్కుకు చేరేలా చూసే సెట్టింగ్ అది. ఎఫ్‌సింక్ ఆఫ్‌లో ఉండగా కరెంటు పోతే పోయేది చివరి నాలుగు ఎంట్రీలు కాదు, డేటాబేస్ మొత్తం బాగుచేయలేనంతగా చెడిపోవచ్చు.

స్పీడు కావాలంటే వేరే దారులున్నాయి. ఒక్కో ఇన్సర్ట్‌కు ఒక్కో కమిట్ బదులు వెయ్యి వరుసలకు ఒక కమిట్ చేయండి, ఫైలు నుంచి ఎక్కించేటప్పుడు కాపీ కమాండ్ వాడండి. చాలాసార్లు ఇంతటితోనే సమస్య తీరుతుంది. ఇంకా కావాలంటే సింక్రనస్ కమిట్ ఆఫ్ చేయొచ్చు. మామూలు సెట్టింగుల్లో కరెంటు పోతే మహా అయితే చివరి 0.6 సెకన్ల కమిట్లు పోతాయి, డేటాబేస్ మాత్రం చెడదు. డబ్బు లెక్కలుండే ట్రాన్సాక్షన్లకు దాన్ని ఆన్‌లోనే ఉంచండి, ట్రాన్సాక్షన్ వారీగా మార్చుకునే వీలుంది. యూపీఎస్ ఎలాగూ తప్పదు.

చెడిన పేజీలను కనిపెట్టే డేటా చెక్‌సమ్స్ 18వ వెర్షన్‌లో కొత్తగా కట్టే డేటాబేస్‌లకు వాటంతటవే ఆన్ అవుతున్నాయి. పాతవాటికి, 12 నుంచి, సర్వర్ ఆపి పీజీ చెక్‌సమ్స్‌తో ఆన్ చేసుకోవచ్చు. చెడిపోయిన పేజీని ఇది బాగుచేయదు, చదివినప్పుడు పట్టిస్తుంది.

ప్రశ్న: పీజీ వాల్ ఫోల్డర్ 140 జీబీ అయింది. అందులో పాత 16 ఎంబీ ఫైళ్లు డిలీట్ చేయొచ్చా?
— జడ్చర్ల పాఠకుడు

జవాబు: ఒక్కటి కూడా చేత్తో తీయకండి. అవి డేటాబేస్‌లో జరిగే మార్పులను నమోదు చేసే వాల్ ఫైళ్లు. క్రాష్ అయితే సర్వర్ లేచేది వాటి ఆధారంగానే. అవి పోగుపడటానికి ఎక్కువగా రెండే కారణాలు. వాటిని బ్యాకప్‌కు కాపీ చేసే ఆర్కైవ్ కమాండ్ విఫలమవుతూ ఉండొచ్చు. పీజీ స్టాట్ ఆర్కైవర్‌లో ఫెయిల్డ్ కౌంట్ పెరుగుతుంటే అదే, బ్యాకప్ డిస్కు నిండిందేమో చూడండి. లేదంటే ఎప్పుడో తీసేసిన రెప్లికా (నకలు సర్వర్) తాలూకు స్లాట్ మిగిలిపోయి ఉంటుంది. పీజీ రెప్లికేషన్ స్లాట్స్‌లో యాక్టివ్ అన్నచోట ఫాల్స్ ఉన్నదాన్ని, నిజంగా అక్కర్లేదని రూఢి చేసుకొని, పీజీ డ్రాప్ రెప్లికేషన్ స్లాట్‌తో తీసేయండి. తరువాత చెక్‌పాయింట్ కొడితే సర్వరే ఫైళ్లు తగ్గించుకుంటుంది. 13వ వెర్షన్ నుంచి మాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ ఉంది, 20 జీబీనో ఎంతో హద్దు పెట్టుకోండి. ఆ హద్దు దాటిన రెప్లికాను మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వస్తుంది, అయినా మెయిన్ సర్వర్ డిస్కు నిండి ఆగిపోవడం కంటే అదే నయం.

ప్రశ్న: రోజూ పీజీ డంప్ తీస్తున్నాం. ఇంకేమైనా చేయాలా?
— నాగర్‌కర్నూల్ పాఠకురాలు

జవాబు: కస్టమ్ ఫార్మాట్‌లో తీస్తున్నారా? మామూలు ఎస్‌క్యూఎల్ ఫైలైతే రీస్టోర్ ఒకే వరుసలో నడుస్తుంది, కస్టమ్ అయితే పీజీ రీస్టోర్‌కు నాలుగు జాబ్‌లు ఇచ్చి పంచవచ్చు. పీజీ డంప్‌లో యూజర్లు, పాస్‌వర్డులు రావు. పీజీ డంప్‌ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీతో విడిగా తీయండి. లేకపోతే రీస్టోర్ రోజున 'రోల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' ఎర్రర్లు వరుసకడతాయి. రాత్రి 2 గంటల డంప్ ఉంటే సాయంత్రం 5కు డిస్కు పోయినప్పుడు పదిహేను గంటల పని పోతుంది. అది భరించలేమనుకుంటే పీజీ బేస్‌బ్యాకప్, దానితో వాల్ ఆర్కైవింగ్ పెట్టుకోవాలి. ఏది పెట్టుకున్నా నెలకోసారి వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ముఖ్యమైన మూడు టేబుళ్ల వరుసలు లెక్కపెట్టి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టండి. రీస్టోర్ ముగిశాక అనలైజ్ కొట్టడం మరవకండి. డంప్‌లో గణాంకాలు వచ్చే ఏర్పాటు 18వ వెర్షన్‌కు ముందు లేదు, అవి లేకుండా మొదటి రోజు ప్రతి క్వెరీ పాకుతుంది.